ఏటి గట్టు గొంతు పోగొట్టుకోరాదు

ఆదివారం మధ్యాహ్నం. తోటలో కొబ్బరి దింపు ఆగింది. చేలో పనివారు గట్టెక్కి చెట్టు నీడన చేరారు. పంచాయతీ ఆఫీసు అరుగు మీద, కాఫీ హోటలు బల్లల దగ్గర, పెంకుటింటి వసారాలో, ఎక్కడ రేడియో ఉంటే అక్కడ పదిమంది. ఆ పెట్టెలోంచి ఒక గంభీరమైన గొంతు. రాముడు అడవికి బయలుదేరాడనో, కర్ణుడి రథచక్రం నేలలో కుంగిందనో చెబుతోంది. మాట్లాడేవారు లేరు. ఏడ్చే పసిపిల్లను తల్లి ఎత్తుకుని అవతలికి తీసుకుపోయేది. కథ ముగిసి ఆ గొంతు ‘స్వస్తి’ అన్న తర్వాతగాని ఎవరూ లేచేవారు కారు.

కోనసీమలో యాభై ఏళ్లు దాటినవారికి ఆ గొంతు ఎవరిదో చెప్పనక్కరలేదు. అది ఉషశ్రీది. ముప్ఫై ఏళ్ల లోపు వారికి మాత్రం ఆ పేరు చెబితే ‘ఎవరావిడ?’ అని అడిగే పరిస్థితి వచ్చింది. పేరును బట్టి స్త్రీ అనుకోవడం వారి తప్పు కాదు. చెప్పవలసిన పెద్దలు చెప్పలేదు.

ఉషశ్రీ అసలు పేరు పురాణపండ సూర్యప్రకాశ దీక్షితులు. 1928 మార్చి 16న కాకరపర్రు అగ్రహారంలో పుట్టారు. అప్పటి పశ్చిమగోదావరి జిల్లా, ఇప్పటి పెరవలి మండలం. జిల్లాల లెక్కలో అది వేరే జిల్లా కావచ్చు. కాని కొత్తపేట తాలూకా వారికి అది ఏటికి అవతలి గట్టు. వశిష్ట గోదావరికి ఈ పక్క వారూ ఆ పక్క వారూ ఒకే నీరు తాగినవారు. ఒకే యాస మాట్లాడేవారు. పెళ్లి సంబంధాలకూ, సంతలకూ, తీర్థాలకూ పడవ దాటి వచ్చిపోయినవారు. అందువల్ల ఆయన పరాయి ఊరివాడని కోనసీమ ఎప్పుడూ అనుకోలేదు.

ఆయన రేడియోకు రాకముందు పత్రికలో పనిచేశారు. 1902లో బందరులో మొదలై, ముట్నూరి కృష్ణారావు సంపాదకత్వంలో తెలుగుదేశమంతటా పేరు పొందిన కృష్ణాపత్రికలో ఆయన కలం సానపట్టుకుంది. కథలు రాశారు. నవలలు రాశారు. ‘పెళ్లాడే బొమ్మ’ అనే పుస్తకాన్ని ఉత్తరాల రూపంలో నడిపించారు. ఈ సంగతి చాలామందికి తెలియదు. ప్రవచనం చెప్పే పెద్దాయనగానే గుర్తున్నారు. కాని ఆయన రేడియో మాట వెనుక ఉన్నది పత్రికా రచయిత చెయ్యే. వాక్యం చిన్నదిగా ఉండాలి, చదివేవాడు రెండోసారి వెనక్కి వెళ్లనక్కరలేకుండా అర్థం కావాలి, చెప్పదలచింది తిన్నగా చెప్పాలి అన్నది పత్రిక నేర్పే పాఠం. రేడియోలో అది మరీ అవసరం. చదివేవాడు కావాలంటే పేజీ వెనక్కి తిప్పుకోగలడు. వినేవాడికి ఆ వీలు లేదు. జారిపోయిన మాట జారిపోయినట్టే.

1960లలో ఆయన ఆకాశవాణి హైదరాబాదు కేంద్రంలో చేరారు. 1970లలో విజయవాడ కేంద్రానికి వచ్చారు. విజయవాడ కేంద్రం 1948 డిసెంబరు 1న ప్రారంభమయింది. కృష్ణా, గోదావరి మండలాల పల్లెలకు అదే సొంత రేడియో. రామాయణ, భారత, భాగవతాలను ఆయన ఆ కేంద్రం నుంచే వినిపించారు. ‘ధర్మ సందేహాలు’ కార్యక్రమాన్నీ నడిపారు. 1990 సెప్టెంబరు 7న కన్నుమూశారు. అప్పటికి ఆయన వయసు 62 ఏళ్లు.

ఈనాటి వారికి ఆనాటి రేడియో అంటే ఏమిటో కొంచెం చెప్పాలి. అప్పట్లో కోనసీమ పేరుకు తగ్గట్టు నిజంగా కోనే. మూడు పక్కలా గోదావరి పాయలు, నాలుగో పక్క సముద్రం. ఎన్నో రేవుల్లో వంతెనలు లేవు. పడవో, పంటో దాటాలి. పేపరు ఊరికి చేరేసరికి పొద్దెక్కేది. వానాకాలం ఏరు పొంగితే ఆ పేపరూ రాదు. రేడియో కొనడమూ అందరి వల్లా అయ్యే పని కాదు. కొన్నా దానికి లైసెన్సు తీసుకుని ఏటా పోస్టాఫీసులో రుసుము కట్టాలి. ఆ పద్ధతి 1980ల మధ్యలోగాని పోలేదు. కరెంటు లేని ఇళ్లలో బ్యాటరీ అయిపోతుందని పొదుపుగా పెట్టుకునేవారు. అంత పొదుపు చేసిన ఇళ్లలో కూడా ఆదివారం మధ్యాహ్నం మాత్రం రేడియో మోగేది.

ఆ గొంతులో ఉన్నది ఏమిటి? కథ అందరికీ తెలిసినదే. రాముడు అడవికి వెళతాడని తెలియనివారు లేరు. అయినా వినేవారు. కారణం, ఆయన కథను శ్లోకం చదివి, పదాలు విడదీసి, అర్థం చెప్పి, విశేషార్థం చెప్పే పాత పద్ధతిలో నడపలేదు. ఎదురుగా కూర్చున్న మనిషికి చెప్పినట్టు వాడుక మాటల్లో చెప్పారు. పాత్రల కోపం, బాధ, వెటకారం గొంతులోనే పలికేవి. వాద్యాలు లేవు, పాట లేదు. ఒక్క మనిషి, ఒక్క గొంతు. చదువు రాని ముసలమ్మకూ అర్థమయ్యేది. చదువుకున్న పంతులుగారికీ తప్పు దొరికేది కాదు. ఆ రెండూ ఒకేసారి సాధించడం ఎంత కష్టమో మాట చెప్పి బతికేవారికి తెలుసు.

ఇక్కడ ఇంకో ముఖ్యమైన సంగతి ఉంది. అంతకుముందు పురాణం వినాలంటే గుడి మండపానికి పోవాలి. లేదా అగ్రహారంలో ఎవరి అరుగు దగ్గరికో పోవాలి. ఆ అరుగు ఎక్కే హక్కు ఊళ్లో అందరికీ ఉండేది కాదు. ఆ సంగతి దాచిపెట్టి ఆనాటి రోజులు బంగారు రోజులని చెప్పుకోవడం న్యాయం కాదు. ఇదే గడ్డ మీద, మామిడికుదురులో 1911లో పుట్టిన బోయి భీమన్న ‘పాలేరు’ నాటకం రాశారంటే, పల్లెల్లో చదువుకు దూరంగా ఉంచినవారి బతుకు చూసే రాశారు. అలాంటి పల్లెల్లో పంచాయతీ రేడియో ఎవరి కులమూ అడగలేదు. అరుగు ఎక్కనివ్వని వారి చెవినీ, అరుగు మీద కూర్చున్నవారి చెవినీ ఒకే మాట ఒకే క్షణంలో చేరింది. రేడియో ఊరి తేడాలన్నీ తుడిచేసిందని కాదు. కాని భారతం వినడానికి ఒకరి అనుమతి అక్కరలేని రోజును తెచ్చింది. ఉషశ్రీ మాట అంతమందికి చేరడానికి ఆయన ప్రతిభ ఒక కారణమైతే, ఆ పెట్టె ఇంకో కారణం.

‘ధర్మ సందేహాలు’ మరో తీరు. శ్రోతలు ఉత్తరాలు రాసేవారు. ఆయన జవాబు చెప్పేవారు. అది గాలిలో నడిచిన పత్రికా శీర్షిక అనవచ్చు. పల్లెలో కూర్చుని పోస్టుకార్డు ముక్క మీద ప్రశ్న రాసిన మనిషికి, తన సందేహాన్ని రాష్ట్రంలో పెద్ద కేంద్రం పట్టించుకున్నదన్న గౌరవం కలిగేది. అడ్డదిడ్డంగా అడిగినవారికి చురక కూడా తగిలేది. ఆ చురకలు వినడానికే ఎదురుచూసిన వారూ ఉన్నారు. ఆయన చెప్పిన ప్రతి మాటనూ అందరూ ఒప్పుకున్నారని కాదు. ఆచారాల విషయంలో వాదించినవారు ఉంటారు. వాదించాలి కూడా. ఊరంతా ఒక ప్రశ్న మీద వాదించుకునేలా చేయగలిగినవాడే మంచి వ్యాఖ్యాత. ఎవరికీ పట్టని మాట చెప్పేవాడి మీద ఎవరూ వాదించరు.

శ్రీరామనవమి నాటి సంగతి వేరే చెప్పాలి. భద్రాచలంలో సీతారామ కల్యాణం జరుగుతుంటే ఆయన అక్కడి నుంచి ప్రత్యక్ష వ్యాఖ్యానం చేసేవారు. టీవీలు లేని రోజులు. భద్రాచలం వెళ్లడానికి కోనసీమ రైతుకూలీకి చేతిలో డబ్బూ లేదు, పని మానుకునే వీలూ లేదు. ఊరి పందిట్లో పానకం, వడపప్పు పంచుతూ రేడియో పెట్టుకునేవారు. మండపం ఎలా ఉన్నదో, తలంబ్రాలు ఎలా పోస్తున్నారో, జనం ఎలా ఉన్నారో ఆ గొంతే చూపించేది. ఎగువన భద్రాచలం, దిగువన కోనసీమ. మధ్యన ఉన్నది ఒకే గోదావరి. ఆ నది ఒడ్డున పుట్టిన మనిషి ఎగువ గట్టు మీద నిలబడి మాట్లాడుతుంటే దిగువ గట్టు వారు విన్నారు.

సొంత ఊరి మీద ప్రేమ అంటే ఏమిటి? ఊళ్లోనే ఉండిపోవడం ఒక్కటే కాదు. ఉద్యోగం కోసం ఊరు విడిచిన వారు లక్షల మంది. వారిలో కొందరు ఊరి మాటను కూడా విడిచిపెడతారు. ఇంకొందరు ఊరి మాటను వెంట తీసుకుపోయి పదిమందికి పంచుతారు. గోదావరి గట్టు మీద అరుగుల మీద సాగిన పురాణ కాలక్షేపాన్ని ఉషశ్రీ హైదరాబాదుకూ విజయవాడకూ తీసుకువెళ్లి, అక్కడి నుంచి మళ్లీ ప్రతి అరుగుకూ తిరిగి పంపించారు. ఊరికి తీర్చుకున్న రుణం అంటే అదే.

రేడియో మీద పల్లెలకు అంత నమ్మకం కుదరడానికి ఆ పెట్టె కష్టకాలంలో కూడా పలకడం కారణం. 1986 ఆగస్టులో గోదావరికి వచ్చిన వరదను లంక గ్రామాల వారు మరచిపోలేదు. ధవళేశ్వరం వద్ద 35 లక్షల క్యూసెక్కులకు పైగా నీరు సాగిపోయింది. గట్లు ఎక్కడ తెగుతాయో తెలియక రాత్రిళ్లు మేలుకుని ఉన్నవారు నీటి మట్టం ఎంతో రేడియోలోనే విన్నారు. ఆదివారం రాముడి కథ చెప్పిన పెట్టే వరద సంగతి కూడా చెప్పింది. దానితో ఆ పెట్టె ఇంటి మనిషి అయింది.

ఇప్పుడు అసలు సమస్యకు రావాలి. ఆ గొంతు ఎక్కడున్నది? ఆకాశవాణి దగ్గర కొంత ఉంటుంది. ఆయన రామాయణ, భారతాలను తిరుమల తిరుపతి దేవస్థానం పుస్తకాలుగా ప్రచురించింది. సెల్‌ఫోనులో వెతికితే కొన్ని ప్రవచనాలు దొరుకుతాయి. అంతవరకు మంచిదే. కాని ఆ రోజుల్లో రేడియో పక్కన టేపు రికార్డరు పెట్టి సొంతంగా కాసెట్లలో పట్టుకున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. పెద్దవారు పోయాక ఆ కాసెట్లు అటక ఎక్కాయి. కొన్ని పాత సామాను వాడికి పోయాయి. మిగిలినవి చెడిపోతున్నాయి.

కోనసీమ గాలికి ఇనుమే తుప్పు పడుతుంది. టేపు ఎంత? కాసెట్టులోని రిబ్బను మీద ఉన్నది ఇనుప ఆక్సైడు పొడి. దాన్ని అంటించి ఉంచే జిగురు తేమ పీల్చుకుంటుంది. రిబ్బను పొరలు ఒకదానికొకటి అతుక్కుంటాయి. బూజు పడుతుంది. అలాంటి దాన్ని ఆత్రంగా మిషనులో పెట్టి తిప్పితే రిబ్బను తెగుతుంది, పొడి రాలిపోతుంది. రాలిన చోట ఉన్న మాట ఇక ఎవరి వల్లా తిరిగి రాదు. అందువల్ల అటక మీద కాసెట్లు ఉన్నవారు చేయవలసింది ఇది. ముందు వాటిని దింపి, పొడి చోట నిలువుగా పెట్టాలి. స్పీకర్ల దగ్గర, అయస్కాంతం ఉన్న వస్తువుల దగ్గర ఉంచరాదు. బూజు ఉన్నదాన్ని తిప్పకుండా పని తెలిసినవారికి చూపించాలి. బాగున్నదాన్ని కంప్యూటరులోకి ఎక్కించి రెండు నకళ్లు వేరువేరు చోట్ల దాచాలి. ఏ రోజు, ఏ కేంద్రం, ఏ ఘట్టం అన్నది గుర్తున్నంతవరకు కాగితం మీద రాసి పెట్టాలి. పేరు లేని గొంతు పదేళ్ల తర్వాత ఎవరిదో చెప్పలేరు.

ఇది ఒక్క ఉషశ్రీ మాట కాదు. అదే అటక మీద ఊరి బుర్రకథ దళం గొంతు ఉండవచ్చు. హరిదాసు గొంతు ఉండవచ్చు. పడవ నడిపిన సరంగు పాట ఉండవచ్చు. నాట్లు వేస్తూ పాడిన అమ్మమ్మల పాటలు ఉండవచ్చు. ఉషశ్రీకి ఆకాశవాణి ఉంది, పుస్తకాలు ఉన్నాయి. వీరికి అటక తప్ప ఇంకేమీ లేదు. ఆయన పేరు మీద వెతకడం మొదలుపెడితే వీరూ బయటపడతారు. అందుకే ఈ పని ఆలస్యం కారాదు.

బెంగాలీల నుంచి ఈ విషయంలో ఒక పాఠం నేర్చుకోవచ్చు. కలకత్తా ఆకాశవాణిలో బీరేంద్ర కృష్ణ భద్ర అనే వ్యాఖ్యాత దుర్గాదేవి కథను చండీపాఠంతో కలిపి చెప్పిన ‘మహిషాసుర మర్దిని’ కార్యక్రమం 1930లలో మొదలయింది. ఏటా మహాలయ అమావాస్య నాటి తెల్లవారుజామున అది వినిపిస్తుంది. 1976లో అధికారులు ఆ గొంతు తీసేసి, సినిమా నటుడు ఉత్తమ్ కుమార్‌తో కొత్త కార్యక్రమం చేయించారు. ఆయన బెంగాలులో మహా పేరున్న నటుడు. అయినా జనం ఒప్పుకోలేదు. నిరసన చెలరేగింది. పాత గొంతునే తిరిగి తెచ్చారు. భద్ర 1991లో కన్నుమూశారు. ఆ గొంతు మాత్రం నేటికీ మహాలయ వేకువన ఇంటింటా మోగుతూనే ఉంది. అక్కడ జనం తమ గొంతును తామే కాపాడుకున్నారు. గోదావరి వారికి ఆ పట్టుదల ఎందుకు ఉండరాదు?

సమయం కూడా కలిసి వస్తోంది. 2027లో గోదావరి పుష్కరాలు వస్తున్నాయి. 2028 మార్చి 16కు ఉషశ్రీ పుట్టి నూరేళ్లు నిండుతాయి. పుష్కరాలకు ఘాట్లు కడతారు, రోడ్లు వేస్తారు, దీపాలు పెడతారు. అవన్నీ అవసరమే. కాని నది అంటే నీరు ఒక్కటే కాదు. ఆ ఒడ్డున పుట్టిన మాట కూడా నదే. ఘాటు మెట్టు ఒకటి పగిలితే మళ్లీ కట్టుకోవచ్చు. గొంతు పోతే కట్టుకోలేం.

శతజయంతి అనగానే దండలు, శాలువాలు, వేదిక మీద ఇరవై కుర్చీలు, ఉపన్యాసాలు గుర్తుకు వస్తాయి. అంతటితో సరిపెడితే ఆయనకు మేలు లేదు, ఊరికీ మేలు లేదు. ఖర్చు లేని పనులు, తక్కువ ఖర్చు పనులు కొన్ని ఉన్నాయి.

మొదటిది, ప్రతి ఊరి గ్రంథాలయంలో ఒక అర ఈ గొంతులకు కేటాయించాలి. ఎవరి ఇంట్లో ఏ కాసెట్టు ఉన్నదో ఒక పుస్తకంలో రాయాలి. కాసెట్టు ఇచ్చేయమని ఎవరినీ అడగనక్కరలేదు. నకలు తీసుకుని అసలు వారికే ఇవ్వాలి. రికార్డింగుల మీద ఆకాశవాణికీ, కుటుంబాలకూ ఉన్న హక్కులను గౌరవించి, అనుమతి తీసుకునే పంచిపెట్టాలి.

రెండవది, ఉన్నత పాఠశాలల్లో నెలకు ఒక మధ్యాహ్నం పిల్లలకు ఆయన చెప్పిన ఒక ఘట్టం వినిపించాలి. మతం కోసం కాదు. తెలుగు వాక్యం ఎలా నిలబడుతుందో, ఎక్కడ ఆగాలో, ఎక్కడ హెచ్చించాలో చెవితో నేర్చుకోవడం కోసం. విన్న తర్వాత ఆ కథలో ఎవరు చేసింది న్యాయమో, ఎవరిది అన్యాయమో పిల్లల చేతనే మాట్లాడించాలి. చేతిలో కాగితం లేకుండా ఐదు నిమిషాలు తప్పులేని తెలుగు మాట్లాడగల పిల్లలు ఎందరున్నారో ప్రతి ఉపాధ్యాయుడికీ తెలుసు.

మూడవది, ఊరి రేడియో. కేంద్ర ప్రభుత్వం 2002లో విద్యాసంస్థలకు కమ్యూనిటీ రేడియో పెట్టుకునే అవకాశం ఇచ్చింది. 2006లో స్వచ్ఛంద సంస్థలకూ, కృషి విజ్ఞాన కేంద్రాలకూ ఆ వీలు కల్పించింది. నూరు వాట్ల చిన్న స్టేషను పది, పదిహేను కిలోమీటర్ల మేర వినిపిస్తుంది. సొంత వార్తలు చెప్పడానికి వీలు లేదు. ఆకాశవాణి వార్తలను తిరిగి వినిపించవచ్చు. కొబ్బరి ధర, తెగుళ్లు, వాతావరణ హెచ్చరిక, ఊరి పాట, ఊరి కథ అన్నీ చెప్పుకోవచ్చు. అమలాపురంలోగాని, రాజోలులోగాని, కొత్తపేటలోగాని ఒక కళాశాలో, రైతు సంఘమో పూనుకుంటే ఇది అసాధ్యం కాదు. తుపానుకు కరెంటు పోయి, సెల్‌ఫోను టవర్లు పడుకున్న రోజున బ్యాటరీ రేడియో విలువ ఏమిటో 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమకు ఎవరూ చెప్పనక్కరలేదు.

నాలుగవది, ఆకాశవాణి చేయవలసింది. ఏటా ఒక రోజు, ఒక వేళ ఖాయం చేసి ఆ గొంతును వినిపించాలి. శ్రీరామనవమి కావచ్చు, మార్చి 16 కావచ్చు. రోజు మారకూడదు. ఒకే రోజు, ఒకే వేళ వస్తుంటే జనం దాని కోసం కాచుకుని ఉంటారు. బెంగాలులో జరిగింది అదే.

వీటిలో దేనికీ కోట్లు అక్కరలేదు. కావలసింది పూనిక. ఊరికి ఒక ఇద్దరు కుర్రవాళ్లు, ఒక ఉపాధ్యాయుడు, అటక మీది పెట్టె దింపించే ఒక పెద్దావిడ చాలు. పంచాయతీలు కూడా పట్టించుకోవాలి. ఒకప్పుడు రేడియో పెట్టి ఊరంతటినీ ఒక చోట కూర్చోబెట్టింది పంచాయతీలే. ఆ అరుగులు నేటికీ ఉన్నాయి. వాటి మీద ఇప్పుడు ఎవరి సెల్‌ఫోను వారిది, ఎవరి చెవి వారిది. నలుగురు కలిసి ఒక మాట విని, దాని మీద నాలుగు మాటలు అనుకోవడం తగ్గిపోయింది. ఉషశ్రీ పోవడంతో పోయింది ఒక గొంతే. ఆ నలుగురు కలిసి వినడం పోతే ఊరే పోయినట్టు.

ఈ వారం ఎవరి అటక వారు చూసుకోవాలి. పాత పెట్టెలో ఒక కాసెట్టు దొరికితే, అది పారేయకుండా తుడిచి పక్కన పెట్టడంతోనే శతజయంతి మొదలయినట్టు లెక్క. ఏటి గట్టు గొంతును ఏటి గట్టు వారే కాపాడుకుంటే, 2028లో కోనసీమ పిల్లలు కూడా ‘స్వస్తి’ అన్న మాట వినేదాకా కదలకుండా కూర్చుంటారు.